అమ్మానాన్నలతో మెక్‌క్లూర్స్ బీచ్‌కి వెళ్లొచ్చా?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. అమ్మానాన్న ఆగస్టులో బాపట్ల నుంచి వచ్చారు, డిసెంబరు మొదటి వారంలో తిరిగి వెళ్తారు. నాన్నకి 69 ఏళ్లు. బీపీ మాత్రలు వేసుకుంటారు గానీ మనిషి గట్టివాడే, రోజూ పొద్దున్నే నడుస్తారు. అమ్మకి 64, మోకాళ్ల నొప్పులు. మాకు ఆరేళ్ల బాబు ఉన్నాడు. మావారు పాయింట్ రేయస్ అనే సముద్రతీరపు నేషనల్ పార్క్‌లో మెక్‌క్లూర్స్ బీచ్ అని ఒకటి చూసి పెట్టుకున్నారు. ఎత్తైన రాతి గట్ల కింద, జనం పెద్దగా లేని బీచ్. దాని దక్షిణపు చివర రాళ్ల మధ్య సందులోంచి దూరి వెళ్తే ఇంకో చిన్న బీచ్ వస్తుందట. అక్కడికి అందరం కలిసి వెళ్లాలని ఆయన పట్టు. నాన్నని అడిగితే, "సూర్యలంకలో పెరిగినవాణ్ణి, నాకు సముద్రం కొత్తా? అలిపిరి మెట్లు నడిచి ఎక్కినవాణ్ణి, నాకు ఈ గట్టు ఒక లెక్కా?" అంటున్నారు. అమ్మేమో కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం చేసి, నీళ్లలో దీపం వదలాలంటోంది. ఆ రోజే వెళ్తే రెండు పనులూ ఒక్క ట్రిప్పులో అయిపోతాయని మావారి ఐడియా. నాకు మాత్రం ఒకటే టెన్షన్. అనవసరంగా భయపడుతున్నానా?
— ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

సమాధానం: మీ భయంలో అర్థం ఉందమ్మా. అలాగని ప్రయాణం మానుకోవాల్సిన పనేమీ లేదు. నా మాట ముందే చెప్పేస్తాను. మెక్‌క్లూర్స్‌కి వెళ్లండి, నాన్నగారిని కిందికి దింపండి. ఆ రాళ్ల సందులోకి మాత్రం ఈసారి ఎవరూ వెళ్లొద్దు. కార్తీక పౌర్ణమి రోజు అసలు పెట్టుకోవద్దు. స్నానం సంగతి ఇంకో బీచ్‌లో చూద్దాం, అదీ అమ్మగారు అనుకున్నట్టు మూడు మునకలు వేయడం కుదరదు.

ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో రకంగా నచ్చజెప్పాల్సింది మీరే కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

నాన్నగారితో మొదలుపెడదాం. ఆయనకి సముద్రం తెలుసు, కాదనను. కాకపోతే ఆయనకి తెలిసింది బంగాళాఖాతం. బాపట్ల దగ్గర ఒడ్డు చదునుగా ఉంటుంది, మెల్లమెల్లగా లోతవుతుంది. అల దూరంగానే విరిగి, నురగై, బలం పోయాక కాళ్ల దాకా వస్తుంది. అలాంటి చోట కూడా ఏటా ఎవరో ఒకరు మునిగిపోయారన్న వార్త చదువుతూనే ఉంటాం. మెక్‌క్లూర్స్‌లో ఒడ్డు ఏటవాలుగా దిగిపోతుంది, ఇసుక గరుకుగా ఉంటుంది. అల గట్టుకి దగ్గరగా వచ్చేదాకా విరగదు. విరిగినప్పుడు ఆ చప్పుడు పైన బాటలో నడుస్తున్నవాళ్లకే వినిపిస్తుంది.

అంతకన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటి ఉంది. ఇక్కడికొచ్చే పెద్ద అలలు ఇక్కడి గాలికి పుట్టినవి కావు. ఎక్కడో అలాస్కా కింద, లేదా జపాన్ వైపు సముద్రంలో పుట్టిన తుఫాను రేపిన అలలు వేల మైళ్లు ప్రయాణం చేసి వస్తాయి. అంత దూరం రావడంలో అవి గుంపులు కడతాయి. పది నిమిషాలో, ఇరవై నిమిషాలో చిన్న చిన్న అలలే వస్తుంటాయి. చూసేవాళ్లు "ఇంతేలే" అనుకుంటారు. ఆ తర్వాత మూడో నాలుగో పెద్దవి వరసగా వచ్చి, అప్పటిదాకా పొడిగా ఉన్న ఇసుక మీద చాలా దూరం ఎగబాకుతాయి. వీటినే ఇక్కడ స్నీకర్ వేవ్స్ అంటారు. అక్టోబరు, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వీటి బెడద ఎక్కువ. వాతావరణ శాఖవాళ్లు ప్రత్యేకంగా హెచ్చరికలు ఇస్తుంటారు. ఆకాశం నీలంగా, ఎండ హాయిగా ఉన్న రోజున కూడా ఇవి వస్తాయి, ఎందుకంటే తుఫాను ఉన్నది ఇక్కడ కాదు కదా. "వాతావరణం బాగుంది, ఫరవాలేదు" అనే మన లెక్క అక్కడే తప్పుతుంది.

అలాంటి అల నడుము దాకా కూడా రానక్కర్లేదు. మోకాలి ఎత్తు నీళ్లు చాలు. వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకని తోడేసుకుంటూ పోతుంది. మనిషి కూర్చుండిపోతాడు. లేచేలోపు రెండోది వస్తుంది. నీళ్ల చలి మామూలుగా 10 నుంచి 13 డిగ్రీలు. నవంబరులో బాపట్ల సముద్రం 27, 28 డిగ్రీలు ఉంటుంది, అంటే సగం కూడా కాదన్నమాట. ఆ చలి ఒక్కసారిగా ఒంటికి తగిలితే ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె దడదడలాడుతుంది, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఈత వచ్చినవాళ్లు కూడా మొదటి నిమిషం తేరుకోలేరు. బీపీ మాత్రలు వేసుకునే 69 ఏళ్ల మనిషికి ఇది పరీక్షించి చూసే సంగతి కాదు. నాన్నగారికి ఈ డిగ్రీల లెక్క చెప్పండి. సముద్రం గురించి ఆయనతో వాదనకి దిగితే గెలవలేరు గానీ అంకెలంటే పెద్దవాళ్లు వింటారు.

మనవాళ్ల అలవాట్ల గురించి ఒక మాట. సముద్రం కనిపించగానే మనం చేసే మొదటి పని చెప్పులు చేత్తో పట్టుకుని కాళ్లు తడుపుకోవడం. రెండోది, సముద్రానికి వీపు పెట్టి అందరూ వరసగా నిలబడి ఫొటో దిగడం. మూడోది, పిల్లాణ్ణి చెరో చెయ్యి పట్టుకుని అల వచ్చినప్పుడల్లా పైకెత్తడం. ఆర్కే బీచ్‌లోనైనా, సూర్యలంకలోనైనా ఇవే. మెక్‌క్లూర్స్‌లో ఈ మూడూ బంద్. కారు దిగకముందే, అందరి ముందూ, బాబుకి కూడా అర్థమయ్యేలా చెప్పేయండి. కింద దిగాక అరిచి చెబితే ఆ హోరులో ఎవరికీ వినపడదు.

కిందికి దిగాక నేరుగా నీళ్ల వైపు నడవకండి. బాట దిగిన చోటే, ఎత్తుగా ఉన్న పొడి ఇసుకలో, ఓ ఇరవై నిమిషాలు కూర్చుని సముద్రాన్ని చూడండి. పెద్ద అల ఎంత దూరం వస్తుందో తెలుస్తుంది. ఇసుక మీద కెల్ప్ అనే సముద్రపు పాచి పడి ఉంటుంది. తాళ్లలా బారెడు పొడవుంటుంది, ఒక కొసన బల్బు లాంటి బుడిపె. పిల్లలకి అదంటే ఎక్కడలేని సరదా, మీ బాబు దాన్ని లాక్కుంటూ తిరుగుతాడు చూడండి. ఆ పాచి ఒక వరసలో పడి ఉంటుంది. కిందటి పోటుకి నీళ్లు అక్కడిదాకా వచ్చాయని గుర్తు. మీ కుటుంబానికి అదే గీత. అందరూ దానికి ఇవతలే ఉండాలి. ఆ పాచీ, కొట్టుకొచ్చిన దుంగలూ గట్టు మొదటిదాకా పడి ఉంటే అక్కడ ఇసుక మొత్తం నీళ్లలో మునిగిందని అర్థం, ఇంక అక్కడ కూర్చోకుండా వెనక్కి వచ్చేయడమే. దుంగల మీద ఎవరినీ కూర్చోనివ్వకండి. చూడ్డానికి కదలవు. అడుగు లోతు నీళ్లు చాలు, టన్ను బరువున్న దుంగ కూడా దొర్లి కాళ్ల మీదికి వస్తుంది.

ఇప్పుడు మీవారి సందు. నేషనల్ పార్క్ వాళ్లే రాస్తారు, బీచ్ దక్షిణపు చివర రాళ్ల మధ్య నుంచి పక్క బీచ్‌కి వెళ్లడం సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడే కుదురుతుందని, పోటు మొదలైతే చూసుకోవాలని. ఈ మాట ఎంత నిజమో తెలుసుకోవడానికి ఆ రాళ్లనే చూడమనండి. వాటి మీద నల్లటి ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా అతుక్కుని ఉంటాయి. వాటి పైన బార్నకిల్స్ అనే తెల్లటి గరుకు గుల్లలు. ఇవి రోజూ కొంతసేపైనా నీళ్లు తగలనిదే బతకవు. సందులో నిలబడి పక్క రాయి చూస్తే ఆ గుల్లలు మీ గుండెల ఎత్తులోనో, తల ఎత్తులోనో కనిపించాయనుకోండి, పోటు వేళకి అక్కడ నీళ్లు అంత ఎత్తు కొడతాయని అర్థం. ఏ బోర్డూ చెప్పక్కర్లేదు, రాయే చెబుతుంది. అవతల ఉన్న చిన్న బీచ్‌కి మూడు వైపులా గట్లు, ముందు సముద్రం. నీళ్లు సందు మూసేస్తే ఇంక దారి లేదు. గట్టు ఎక్కుదామంటే చేతికి దొరికిన రాయి ఊడి వస్తుంది. ఫోన్ తీస్తే సిగ్నల్ ఉండదు. ఆరేళ్ల పిల్లాడితో, పెద్దాయనతో ఆ చోట ఇరుక్కోవడం గురించి మీవారిని ఒక్క నిమిషం ఊహించుకోమనండి.

ఆయన ఉత్సాహాన్ని మరీ చంపేయకండి. ఆయనకి ఒక పని అప్పజెప్పండి: టైడ్ టేబుల్ చదవడం. నోవా (NOAA, అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) వెబ్‌సైట్‌లో పాయింట్ రేయస్ అని కొడితే ఏ రోజుకి ఆ రోజు లెక్క దొరుకుతుంది. అక్కడ రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు ఉంటాయి, కానీ రెండు ఆట్లూ ఒకే మట్టానికి తగ్గవు. ఒకదానిలో నీళ్లు బాగా వెనక్కి పోతాయి, ఇంకోదానిలో అంతంతమాత్రం. "ఈ రోజు ఆటు ఉంది" అని ఊరుకుంటే చాలదు, ఎన్ని అడుగులని చూడాలి. మైనస్ అంకె ఉంటే బాగా తగ్గినట్టు. నిన్నటి టైముకి ఈ రోజు వెళ్తామన్నా కుదరదు, రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఇంకో సంగతి, ఆ టేబుల్‌లో అలల ఎత్తు ఉండదు. దానికి వేరే సూచన చూడాలి. ఆటు ఎంత బాగున్నా, ఎనిమిది పది అడుగుల అలలు వస్తాయని ఉంటే ఆ రోజు ఇంట్లో పకోడీలు వేసుకోవడమే మేలని నా అభిప్రాయం. అమ్మానాన్నలు వెళ్లిపోయాక, ఈత వచ్చిన స్నేహితులతో, అల చిన్నగా ఉన్న రోజు చూసుకుని, నీళ్లు తగ్గుతున్నప్పుడు వెళ్లి, ఆటు టైము అవ్వకముందే ఇవతలికి వచ్చేస్తే ఆ సందు చూడ్డం ఆయనకి పెద్ద కష్టమేమీ కాదు.

కార్తీక పౌర్ణమి ఎందుకు వద్దంటున్నానో కూడా ఇందులోనే ఉంది. అమావాస్య, పౌర్ణమిలకి సముద్రం పొంగుతుందని మీ నాన్నగారికి నేను చెప్పక్కర్లేదు. పోటు మరీ ఎక్కువ, ఆటు మరీ తక్కువ. కాలిఫోర్నియా తీరంలో చలికాలపు పౌర్ణమికి పెద్ద పోటు ఉదయం తొమ్మిది, పది గంటల ప్రాంతంలో వస్తుంది. పెద్ద ఆటు సాయంత్రం వైపు. అమ్మగారు పొద్దున్నే స్నానం అంటారు, సరిగ్గా అప్పుడే నీళ్లు గట్టు మొదట్లోకి వస్తుంటాయి. పోనీ మీవారి సందు కోసం ఆటు దాకా ఆగారనుకోండి, నవంబరులో ఐదింటి ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. చీకటి పడుతుండగా, పోటు మొదలవుతుండగా, పిల్లాణ్ణి ఎత్తుకుని ఆ ఇసుక బాట ఎక్కాలి. పైగా అది పెద్ద అలలు మొదలయ్యే కాలం. రెండు పనులూ ఒక్క రోజులో అవుతాయన్న లెక్క కాగితం మీద బాగుంది, అంతే.

గట్ల గురించి కూడా రాయాలి. ఎండో, గాలో ఎక్కువైతే మనవాళ్లు గట్టు నీడలోకి జరిగి, దుప్పటి పరిచి, పులిహోర డబ్బా తెరుస్తారు. అక్కడ కూర్చోవద్దు. పాయింట్ రేయస్ తీరమంతా గట్లు విరిగిపడుతూనే ఉంటాయి. ఉత్తరాన మెక్‌క్లూర్స్ వైపు గ్రానైట్ రాయి కాబట్టి గట్టిగా కనిపిస్తుంది గానీ అది కూడా పగుళ్లతో నిండినదే. ఆ పార్క్ ఉన్న నేల మొత్తం శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ అనే పెద్ద భూకంపాల పగులుకి పడమటి పక్కన ఉంది. 1906 భూకంపంలో అక్కడి కంచె ఒకటి పదిహేను అడుగులకి పైగా పక్కకి జరిగింది. గట్టు పైఅంచు ఇంకా ప్రమాదం. 2015 మార్చిలో అదే పార్క్‌లో ఆర్చ్ రాక్ అనే చోట, సముద్రం కనిపించే అంచు మీద ఇద్దరు నిలబడి ఉండగా నేల కూలిపోయింది. ఒకామె చనిపోయారు, ఇంకొకరికి గాయాలయ్యాయి. నేల పగిలి ఉందని, దగ్గరికి వెళ్లొద్దని పార్క్ వాళ్లు ముందే హెచ్చరించారు. పైనుంచి చూసేవాళ్లకి కాళ్ల కింద గట్టు లోపలికి తినేసి ఉందని తెలియదు. ఫొటో కోసం అంచుకి పోయే అలవాటు మీ ఇంట్లో ఎవరికుందో మీకే తెలుసు.

ఇక అలిపిరి. బాట పొడవు 0.4 మైలే, అంటే సుమారు 650 మీటర్లు. అలిపిరిలో 3,550 మెట్లు ఎక్కిన మనిషికి అది నిజంగానే ఒక లెక్క కాదు. కానీ తిరుమలలో ముందు ఎక్కుతాం, పైకి చేరాక కాళ్లు బారజాపుకుంటాం. ఇక్కడ ముందు దిగడం, తర్వాత ఎక్కడం. దిగేటప్పుడు మోకాళ్లకి శ్రమ, కాలి కింద రాళ్లు, ఇసుక జారుతుంటాయి. ఎక్కేటప్పుడు ఆయాసం, అదీ గాలిలో రెండు గంటలు తిరిగి అలిసిపోయాక. పైగా మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ, మధ్యలో టీ కొట్టు ఏమీ ఉండవు. నాన్నగారు దిగొచ్చు. తొందర లేకుండా, చేతికర్రతో, రెండు మూడు చోట్ల ఆగుతూ. అమ్మగారిని మాత్రం దింపకండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి దిగడం ఎక్కడం కన్నా నరకం. మొహమాటానికి "ఫరవాలేదులే, వస్తాను" అంటారు, అమ్మలందరూ అంతే. ఆ మాట నమ్మొద్దు.

ఆవిడ పైన ఉండిపోయి బోర్ కొడుతుందని దిగులు పడక్కర్లేదు. బాట మొదలయ్యే చోటికి దగ్గర్లోనే పియర్స్ పాయింట్ రాంచ్ ఉంది. 19వ శతాబ్దంలో పాలు, వెన్న తీసిన పాత డెయిరీ. తెల్ల సున్నం కొట్టిన కొయ్య ఇళ్లు, పశువుల కొట్టాలు, గాలికి ఒక వైపు వంగిన సైప్రస్ చెట్లు. నెమ్మదిగా చుట్టి రావచ్చు. మన ఊళ్లలో పాడి చూసిన ఆవిడకి అక్కడ చూసేదీ మాట్లాడేదీ చాలానే దొరుకుతుంది. ఆ చుట్టుపక్కలే ట్యూల్ ఎల్క్ అనే పెద్ద పెద్ద దుప్పుల మందలు తిరుగుతుంటాయి. ఒకప్పుడు ఇక్కడ పూర్తిగా లేకుండా పోతే 1978లో మళ్లీ తెచ్చి వదిలారు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వాటికి జత కట్టే కాలం. మగవి విచిత్రంగా ఈల వేసినట్టు అరుస్తాయి. బాబుకి బీచ్ కన్నా ఇదే గుర్తుండిపోవచ్చు. దూరం నుంచే చూడండి, ఆ కాలంలో వాటికి కోపం ఎక్కువ. అమ్మగారిని ఒంటరిగా వదలకుండా మీరు తోడుండండి. మీవారు, నాన్నగారు, బాబు దిగి వచ్చాక కావాలంటే మీరూ ఒకసారి దిగి రండి. ఫోన్లు పనిచేయవు కాబట్టి "ఇన్ని గంటలకి పైకి వచ్చేస్తాం" అని ముందే చెప్పుకుని దిగడం మంచిది. ఆరేళ్ల పిల్లాడి చెయ్యి మీవారు వదలకూడదు. ఆ పని తాతగారి మీద పెట్టకండి, పిల్లాడు ఉరికితే ఆయన కూడా ఉరుకుతారు.

ఎప్పుడు వెళ్లాలంటే, వెంటనే. సెప్టెంబరు, అక్టోబరు ఆ తీరానికి మంచి నెలలు. వేసవిలో ఉండే పొగమంచు తెర పలచబడుతుంది, పెద్ద అలల బెడద ఇంకా ముదరదు. సందులోకి వెళ్లట్లేదు కాబట్టి మైనస్ ఆటు కోసం చూడక్కర్లేదు. నీళ్లు తగ్గుముఖం పట్టిన వేళకి అక్కడుంటే చాలు. వీలైతే శని, ఆదివారాలు కాకుండా చూడండి. పార్కింగ్ చిన్నది.

స్నానం కోసం డ్రేక్స్ బీచ్‌కి వెళ్లండి. అదే పార్క్‌లో ఉంది, మెక్‌క్లూర్స్ నుంచి కారులో ముప్పావు గంట వేసుకోండి. ఇది దక్షిణం వైపు తిరిగి, అఖాతంలో ఒదిగి ఉంటుంది. ఉత్తరం నుంచి వచ్చే గాలి, పెద్ద అలలు నేరుగా తగలవు. కారు ఇసుక దాకా వెళ్తుంది, అమ్మగారు నాలుగడుగులు వేస్తే బీచ్. వెనక తెల్లటి గట్లు కూడా ఉన్నాయి, కాబట్టి గట్ల కింద బీచ్ చూడాలన్న ముచ్చట ఆవిడకీ తీరుతుంది. ఇవి మట్టి గట్లు, గ్రానైట్ కన్నా త్వరగా రాలతాయి, వాటికీ దూరంగానే కూర్చోవాలి. 1579లో ఫ్రాన్సిస్ డ్రేక్ అనే ఇంగ్లీషు నావికుడు ఇక్కడే ఓడ ఆపాడని చెప్తారు, ఆ పేరు అలా వచ్చింది. నాన్నగారికి చరిత్ర మీద ఆసక్తి ఉంటే ఇది చెప్పండి. డిసెంబరు నుంచి ఎలిఫెంట్ సీల్స్ అనే భారీ సముద్ర జంతువులు వచ్చి పిల్లల్ని కంటాయి, అప్పుడు బీచ్‌లో కొంత భాగం మూసేస్తారు. మీరు వెళ్లేది అంతకన్నా ముందే కాబట్టి ఇబ్బంది లేదు.

డ్రేక్స్‌లో కూడా మునకలు వద్దు. ఆ నీళ్లు కూడా అంతే చల్లన. అల ప్రశాంతంగా ఉంటే, మీరు పక్కన చెయ్యి పట్టుకుని ఉంటే, పాదాలు తడిసేంత వరకు వెళ్లి, దోసిలితో నీళ్లు తీసుకుని మూడుసార్లు తల మీద చల్లుకోమనండి. ఒంట్లో బాగోలేనివాళ్లకి, చలికి తట్టుకోలేనివాళ్లకి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే ఇది. ఒక చిన్న సీసాలో ఆ నీళ్లు ఇంటికి తెచ్చుకుని, పౌర్ణమి నాడు పొద్దున వేడినీళ్ల బకెట్‌లో కలుపుకుంటే ఆవిడకి తృప్తిగా ఉంటుంది. పంచెలు, చీరలతో నీళ్లలోకి దిగడం మంచిది కాదు. తడిసిన చీర కాళ్లకి చుట్టుకుని అడుగు పడనివ్వదు. ఆ రోజుకి పంజాబీ డ్రెస్సు వేసుకోవడానికి అమ్మగారు ఒప్పుకుంటే సగం గొడవ తీరుతుంది.

దీపం నీళ్లలో వదలడం కుదరదు. నేషనల్ పార్క్‌లో సముద్రంలోకి ఏదీ వదలకూడదు, అరటి దొప్ప అయినా, వత్తి అయినా. ఇసుకలో మంట పెట్టాలన్నా పర్మిట్ ఉండాలి. ఇవన్నీ పక్కన పెట్టినా ఆ గాలికి దీపం అర నిమిషం నిలవదు. పౌర్ణమి రోజు సాయంత్రం మీ ఇంటి పెరట్లో వెడల్పాటి ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి వదలనివ్వండి. 365 వత్తులు వెలిగించాలంటే లివర్‌మోర్ శివ-విష్ణు ఆలయం మీకు పెద్ద దూరమేమీ కాదు. అక్కడ ఆవిడ వయసువాళ్లు నలుగురు కలుస్తారు కూడా. ఇన్నాళ్లుగా ఇంట్లోనే ఉన్న అమ్మకి సముద్రం కన్నా అదే ఎక్కువ కావాలేమో, ఒకసారి అడిగి చూడండి.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ఫ్రీమాంట్‌లో ఎంత ఎండ ఉన్నా అందరికీ జాకెట్లు, అమ్మగారికి మఫ్లర్. ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్స్ కాగితం, మందుల చీటీ కారులో ఉండాలి. పాత జబ్బులకి ఆ పాలసీ ఎంతవరకు కవర్ చేస్తుందో బయలుదేరేముందు ఒకసారి చదవండి, చాలామంది చదవరు. ఇన్వర్నెస్ దాటాక రోడ్డు వంకర్లు, అమ్మగారికి కారు పడకపోతే నిమ్మకాయ, వాంతి మాత్ర దగ్గరుంచుకోండి. లైట్‌హౌస్ కూడా చూద్దామని ఎవరైనా అంటే ఆ రోజు వద్దనండి, దానికి 313 మెట్లు, వారంలో కొన్ని రోజులే తెరుస్తారు. నాన్నగారు రాళ్ల మీద ఆల్చిప్పలు చూసి కూరకి ఏరదామంటే ఆపండి. మే నుంచి అక్టోబరు చివరిదాకా కాలిఫోర్నియాలో వాటిని తినడానికి తీయకూడదు. సముద్రంలో పెరిగే ఒక రకం నాచు విషం వాటిలో చేరుతుంది, ఎంత ఉడికించినా పోదు.

పాయింట్ రేయస్ స్టేషన్ అనే చిన్న ఊళ్లో పెట్రోలు నింపుకుని, అందరూ బాత్రూమ్‌కి వెళ్లి బయలుదేరండి. ఇన్వర్నెస్ కూడా దాటి లోపలికి వెళ్లాక కొనుక్కోవడానికి ఏమీ దొరకదు. భోజనం బీచ్‌లో పెట్టుకోకండి, గాలికి పెరుగన్నం నిండా ఇసుకే. రాంచ్ దగ్గర కారులో కూర్చుని తినేసి, తర్వాత దిగండి.